మూడు సెక్షన్లకు ఒకటే హాలు

మా ఆఫీసులో అప్పుడప్పుడూ ట్రైనింగ్ ఉంటుంది. ఎవరి సీట్లో వాళ్ళం కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో పేర్లుగా మారిపోతాం. పాఠం చెప్పే ఆవిడ ఏ ఊళ్ళో ఉంటుందో మాకు తెలియదు. మధ్య మధ్య ఆగి, "అందరికీ క్లియరేనా?" అని అడుగుతుంది. వెంటనే తెర నిండా బొటనవేళ్ళు లేస్తాయి. నేనూ ఒకటి నొక్కుతాను. నొక్కేసి, అద్దంలోంచి కింద మెట్రో స్టేషను మెట్లు దిగే జనాన్ని చూస్తూ ఉంటాను.

అలా నొక్కినప్పుడు నాకేమీ అనిపించదు. ఆ అనిపించకపోవడం ఎక్కడ మొదలైందో మాత్రం నాకు బాగా తెలుసు.

డిగ్రీలో చేరేదాకా నేను తరగతి గదిలో కూర్చోలేదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. మేముండే నార్సింగిలో అప్పుడు ఎటు చూసినా పునాదుల తవ్వకాలే. ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి. పిల్లను ఆ దుమ్ములో తిప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ అప్పటికి ఒక మిషన్ బడిలో లెక్కల టీచరు. ఆ ఉద్యోగం మానేసి, వంటగది పక్కన మడతబల్ల వేసి నాకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. పదో తరగతి, ఇంటరు ఓపెన్ స్కూల్లో కట్టి పాసయ్యాను. ఈ సంగతి చెబితే కొందరు అయ్యో అంటారు. అయ్యో అనాల్సిందేమీ లేదు. అమ్మలాంటి టీచరు అందరికీ దొరకదు. నాకు దొరికింది, అదీ నా ఒక్కదానికే. దేవునికి స్తోత్రం.

అమ్మ పద్ధతి ఒకటి ఉండేది. ముందు చిన్న ప్రార్థన, తర్వాత పాఠం. పాఠం అయ్యాక ఇద్దరం లేచి కుర్చీలు మారేవాళ్ళం. ఆమె కుర్చీలో నేను, నా కుర్చీలో ఆమె. ఇప్పుడు నేను చెప్పాలి, ఆమె వినాలి. మధ్యలో నేను తడబడితే, "అర్థమైందా?" అని అమ్మ ఎప్పుడూ అడగలేదు. "ఎక్కడిదాకా అయ్యింది?" అనేది. నేను వేలు పెట్టి చూపించేదాన్ని. అక్కణ్ణించి మళ్ళీ ఎత్తుకునేది. "కాలేదు" అన్న మాట మా ఇంట్లో చాలా మామూలు మాట. కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టే దాన్ని అనేవాళ్ళం.

అయినా చిన్నపిల్లనే కదా. పొద్దున్నే కిటికీలోంచి స్కూలు వ్యాన్లు కనిపించేవి, ఒక్కోదాంట్లో ఇరుక్కుని పదిమంది పిల్లలు. ప్రార్థన చివర్లో నాకంటూ ఒక మనవి ఉండేది. "ప్రభువా, నా పక్కన కూర్చోడానికి కూడా ఎవరినైనా ఇవ్వు." అమ్మ వినేది. ఆమెన్ అనేది. దాని గురించి ఇంకేమీ మాట్లాడేది కాదు.

ఇంటరయ్యేసరికి ఉబ్బసం చాలా తగ్గింది. డిగ్రీ కాలేజీకి వెళ్తానన్నాను. మా నాన్న దవాఖానలో ల్యాబ్ టెక్నీషియను. మెదక్ దిక్కు మనిషి. ఎక్కువ మాట్లాడడు. నా ఊపిరి అంటే ఆయనకు భయం.

"దూరవిద్యల కట్టుకోరాదు బిడ్డా? గింత దూరం బస్సుల ఎందుకు పోవుడు?" అన్నాడు.

"ఒక్క ఏడాది పంపి చూద్దామండి," అంది అమ్మ. ఆమెది కోనసీమ. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ అండి మాత్రం పోలేదు.

చివరికి నాన్నే దిగొచ్చాడు. "సరే. ఫస్టియర్ అన్నీ పాసయితే ఉండనీ. ఒక్కటి తప్పినా ఇంట్లనే చదువుకుంటది. మల్ల నాతోని కొట్లాడొద్దు."

అలా ఒప్పందం కుదిరింది. ఏడాదిలో అన్ని పేపర్లూ పాసైతే కాలేజీ. ఒక్కటి పోయినా తిరిగి మడతబల్ల. నాకు భయం వేయలేదు. చదువంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను.

కాలేజీ తెల్లాపూర్ దాటాక ఉంది. చుట్టూ సగం కట్టిన టవర్లు, మధ్యలో ఇది. నేను తీసుకున్న గ్రూపులో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. దానికి ముగ్గురు లెక్చరర్లు ఉండేవారట. ఇద్దరు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కంపెనీలకు వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కాయనకు మూడు సెక్షన్లూ కలిపి సెమినార్ హాల్లో వేశారు. తాత్కాలికమే అన్నారు. ఏడాది పొడుగునా తాత్కాలికమే అన్నారు.

మొదటి రోజు ఆ హాల్లో అడుగుపెట్టినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నూట యాభైకి పైనే ఉంటారు. నా పక్కన, నా ముందు, నా వెనక, అన్నిచోట్లా మనుషులు. ఒక్కరిని అడిగితే ప్రభువు ఇంతమందిని ఇచ్చాడని లోపల స్తోత్రం చెప్పుకున్నాను.

సారు కాలరుకు చిన్న మైకు పెట్టుకుని వచ్చారు. సంభావ్యతతో మొదలుపెట్టారు. సంచిలో ఎర్ర బంతులు, తెల్ల బంతులు. ఒకటి తీశాం, అది ఎర్రదయ్యే అవకాశం ఎంత? రెండోది తీశాం, అదీ ఎర్రదయ్యే అవకాశం ఎంత? చకచకా బోర్డు మీద రాసేసి, "అర్థమైందా?" అన్నారు.

హాలంతా ఒక్కసారిగా, "అయ్యింది సార్," అంది. గొంతులు విడివిడిగా వినబడలేదు. ఫ్యాను హోరులా వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను.

ఇంటి చదువు చదువుకున్న మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని అది. ఆయన ప్రశ్న అడిగారు, జవాబు నా దగ్గర ఉంది, చెప్పాలి కదా అనుకున్నాను. అంతే.

"కాలేదు సార్. రెండో మెట్టు దాకా అయ్యింది. అక్కడ కింది అంకె ఒకటి తగ్గింది. ఎందుకు తగ్గింది సార్?"

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకుతూ వచ్చి నా బెంచీ దాటి పోయింది. "వచ్చిందమ్మా టీచరమ్మ," అన్నాడు ఒకడు. "అరే, బంతి ఎత్కపోయిండ్రు," అన్నాడు ఇంకొకడు. మళ్ళీ నవ్వులు.

సారు నన్ను వెతకడానికి కొంచెం సమయం పట్టింది. "ఎవరమ్మా? ఆఁ. చూడమ్మా, ఇంతమందికి అర్థమైంది. నువ్వు ఇంటికెళ్ళి ఒకసారి చూసుకో. కూర్చో." కోపంగా అనలేదు. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. మళ్ళీ బోర్డు వైపు తిరిగారు.

నేను కూర్చున్నాను. చెవులు వేడెక్కాయి. కాసేపటికి ఆ వేడి తగ్గింది. తగ్గాక అక్కడ ఏమీ మిగల్లేదు.

పక్కన కూర్చున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది. "ఏందే, గట్ల లేస్తవ్? భయం గిట్ల లేదా నీకు?"

"ఆయన అడిగారు కదా."

"అడుగుతరే. అందరు అడుగుతరు. బాగున్నరా అంటే రోగాలన్నీ చెప్తమా?"

ఆమెది గోపనపల్లి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. వాళ్ళ నాయన అపార్టుమెంట్లకు నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. కాలేజీ బస్సు మా ఇంటి దగ్గర నన్నెక్కించుకుని, ఆఫీసుల రద్దీలో ఈదుకుంటూ వెళ్ళి ఆమెను ఎక్కించుకునేది. ఆ రోజు నుంచి బస్సులోనూ హాల్లోనూ నా పక్క సీటు ఆమెదే. ఆ సంగతి నేను వెంటనే గమనించలేదు. నేను నూట యాభైమందికే స్తోత్రం చెప్పి ఉన్నాను.

తర్వాత వారాల్లో నేను కూడా "అయ్యింది సార్" అనడం నేర్చుకున్నాను. మొదట పెదవులు మాత్రమే కదిపాను. ఆ పైన గొంతు కూడా కలిసింది. మా సంఘంలో ప్రార్థన చివర అందరం కలిసి ఆమెన్ అంటాం. అక్కడ ఎంతమంది కలిసినా నా ఆమెన్ నాదే. ఇక్కడ మాట కలిసేది, నేను కలిసేదాన్ని కాదు. ఎవరో నా నోటితో అంటున్నట్టు ఉండేది. తప్పు చేస్తున్నాననే బాధ కూడా ఉండేది కాదు. హాల్లో ఏసీ చల్లగా ఉండేది, సారు గొంతు స్పీకర్లోంచి పైకప్పు మీద పడి అక్కణ్ణించి దిగేది, నేను బోర్డు మీద ఉన్నదంతా చక్కగా దింపుకునేదాన్ని. చేయి రాస్తూ ఉండేది. తల ఖాళీగా ఉండేది.

ఇంటికొచ్చాక అమ్మ కుర్చీ లాగేది. "ఇవాళ ఏం చెప్పారో చెప్పమ్మా."

నేను ఆమె కుర్చీలో కూర్చునేదాన్ని. నోరు తెరిచేదాన్ని. రెండు వాక్యాలు వచ్చేవి.

"ఎక్కడిదాకా అయ్యింది?"

"తెలియట్లేదమ్మా."

అమ్మ ముఖంలో భయం చూడటం నాకు అదే మొదలు. కాలేదు అంటే ఆమెకు మందు తెలుసు. ఎక్కడిదాకానో తెలియదంటే ఏం చేయాలో ఆమెకూ తెలియలేదు. అమ్మకు లెక్కలు తెలుసుగానీ, మా సిలబస్ ఆమె చదివింది కాదు. "ఒకసారి మీ సారు దగ్గరికి వెళ్ళి కలువు. ఒక్కదానివే వెళ్ళు. ఒక్కరే కనిపిస్తే ఏ టీచరైనా చెప్తారు," అంది.

ఇంటర్నల్ పరీక్షలో నాకు సగం ప్రశ్నలకు సున్నాలు వచ్చాక వెళ్ళాను. స్టాఫ్ రూములో ఆయన గ్లాసులో వేడినీళ్ళు పోసుకుని ఉప్పు కలుపుకుంటున్నారు, గొంతు కోసం. నన్ను గుర్తుపట్టలేదు.

"ఏ సెక్షనమ్మా?"

చెప్పాను.

"ఏదైతే ఏముందిలే, మూడూ ఒకటేగా." పేపరు చూశారు. "మొదట్నుంచీ పోయిందే నీకు. క్లాసులో అడగొచ్చుగా?"

ఆయనే నీళ్ళు పుక్కిలించి వచ్చి, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ అన్నారు. "నీతో అబద్ధం ఎందుకు. నేను మీ ముఖాలు చూడనమ్మా. వెనక గోడ మీద గడియారం ఉంది చూశావా? దాన్ని చూసి చెప్తాను. ముఖాలు చూస్తే ఎవరికి రాలేదో తెలిసిపోతుంది. తెలిస్తే ఆగాలి. అంతమందికీ ఆగితే సిలబస్ ఎప్పటికవుతుంది? నేను చేరిన కొత్తలో ఇరవై ముప్పైమందికి చెప్పేవాణ్ణి. అప్పుడు చూసేవాణ్ణి."

ఆ మాట ఆయన దిగులుగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పారు. తర్వాత కుర్చీ చూపించి, సంచి లెక్క మళ్ళీ చెప్పబోయారు. ఈలోగా గంట మోగింది. మైకు కాలరుకు తగిలించుకుంటూ లేచారు. "రేపు రా," అన్నారు. మర్నాడు ఆయన్ను పరీక్ష డ్యూటీకి వేశారు. ఆ పైన నేను వెళ్ళలేదు.

సంచి లెక్క నాకు వచ్చింది బస్సులో. చలికాలం. తెల్లాపూర్ దగ్గర బస్సులు కదలని సాయంత్రం ఒకటి. నా పక్కనమ్మాయి కవర్లోంచి రేగుపండ్లు తీసి తింటోంది, కొన్ని పండినవి, కొన్ని పచ్చివి. నాకూ ఒకటిచ్చింది.

"ఒక మాట అడుగుతా నవ్వకు," అంది. "నువ్వు లేచిన దినం, కింది అంకె ఎందుకు తగ్గింది అన్నవు కదా. నాకు గూడ కాలేదే. నేను గూడ నవ్విన అందరితోని. గని కాలే."

నేను ఆమె చేతిలోని కవరు చూశాను. నా చేతిలో మిగిలిన గింజను చూసుకున్నాను.

"నేను తిన్న పండు మళ్ళీ కవర్లో పడుతుందా?"

"ఎట్ల పడ్తది? ఛీ."

"అయితే రెండోసారి చెయ్యి పెడితే లోపల ఎన్నుంటాయి?"

ఆమె నములుతూ ఆగింది. "ఒకటి తక్కువుంటయి." కవర్లోకి తొంగి చూసింది. "ఓ సచ్చినోడా! గంతేనా? తీసిన బంతి మల్ల లోపల ఎయ్యలే. గది చెప్తానికి ఏం రోగం సారుకు?"

సారు ఆ రోజు ఆ ఒక్క మాటే చెప్పలేదు. తీసిన బంతిని తిరిగి సంచిలో వేశామా లేదా అన్నది. హాలంతా దాని మీద నవ్వింది.

ఇద్దరం సీట్లు మారాం. కిటికీ పక్కకు ఆమె వచ్చింది. "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు," అన్నాను. చెప్పింది. మధ్యలో తడబడింది. "ఎక్కడిదాకా అయ్యింది?" అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చింది. ఆమె వేలు పెట్టి చూపించింది. అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టాం.

అప్పటినుంచి రోజూ బస్సులో అదే పని. రాత్రి అమ్మా నేనూ పుస్తకం చూసి ఒక మెట్టు సర్దుకునేవాళ్ళం, మర్నాడు సాయంత్రం బస్సులో అది ఆమెకు చెప్పేదాన్ని. నాలుగు రోజులకు ముందు సీటు అమ్మాయిలిద్దరు వెనక్కి తిరిగి కూర్చున్నారు. నలుగురం ఉన్నప్పుడు బాగుండేది. ఎవరి కనుబొమలు ముడిపడ్డాయో కనిపించేది. సంఘంలో సాక్ష్యం చెప్పుకునే వేళ, చాప మీద దగ్గరగా కూర్చున్నట్టుండేది. నాలోపల ఏదో కొంచెం కదిలింది. పూర్తిగా అని చెప్పను. హాల్లోకి వెళ్తే మళ్ళీ అంతే.

ఏడాది చివరి పరీక్షలు దగ్గరపడ్డాక మా సీటు చుట్టూ జనం పెరిగారు. నడవలో నిలబడ్డవాళ్ళు, వెనక సీటు పట్టుకుని వంగినవాళ్ళు. డ్రైవరన్న అద్దంలో చూసి, "బస్సుల ట్యూషన్ పెట్టిండ్రా? నాగ్గూడ చెప్పుండ్రి, లైసెన్సు పరీక్ష ఉన్నది," అనేవాడు. నేను గొంతు పెంచాల్సి వచ్చింది. రేపు పరీక్ష అనగా చివరి చాప్టరు మిగిలింది. దాంట్లోంచి పెద్ద ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుందని అందరూ అంటున్నారు. నాకు కూడా ఆ చాప్టరు సగమే వచ్చు. బస్సులో గట్టిగా చెప్పుకుంటే మిగతా సగం కూడా తెరుచుకుంటుందని నా ఆశ. చెబితేనే నాకు వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

సీట్లోంచి లేచి నిలబడి గబగబా మొదలుపెట్టాను. ఒక మెట్టు, ఇంకో మెట్టు. "అర్థమైందా?" అన్నాను.

"ఆఁ, అయ్యింది, అయ్యింది, పద," అన్నారు.

అదే హోరు. గుర్తుపట్టాను, కానీ ఆగలేదు. ఇంకో మెట్టు చెప్పాను.

"కాలే," అంది నా పక్కనమ్మాయి.

నడవలోంచి మూలుగులు. "అబ్బా, మల్ల మొదటికా!" "ఏ, నువ్వు ఇంటికి పోయి చూస్కో." "రేపే పరీక్షనే తల్లీ, పోనీ ముందుకు." ఒకామె నవ్వింది.

నా పక్కనమ్మాయి వాళ్ళ వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. "నువ్వు గా సిగ్నల్ దిక్కు చూసుకుంట చెప్తున్నవే. నన్ను చూసి చెప్పు," అంది.

నిజమే. కిటికీ బయట సిగ్నలు దగ్గర ఎర్ర అంకెలు తగ్గుతూ ఉన్నాయి. నేను ఎంతసేపటి నుంచో వాటినే చూస్తున్నాను. చాప్టరు అయిపోవాలి, గోపనపల్లి వచ్చేలోగా.

నేను కూర్చున్నాను. ఆమె వైపు పూర్తిగా తిరిగాను. "ఎక్కడిదాకా అయ్యింది?" అన్నాను.

ఆమె చూపించిన చోటు చాలా వెనక ఉంది. అక్కణ్ణించి మొదలుపెట్టాను. నిలబడ్డవాళ్ళు కాసేపు చూసి, విసుక్కుని, ఎవరి సీట్లకు వాళ్ళు వెళ్ళారు. గోపనపల్లి వచ్చేసరికి ఆమెకు ఆ పాతది మొత్తం వచ్చింది. చివరి చాప్టరు అలాగే ఉండిపోయింది. దిగుతూ వెనక్కి తిరిగి, "ఇంటికాడ మా అక్కతోని మిగిలింది చదువుతా. నువ్వు గూడ చదువు, పరేషాన్ గాకు," అంది.

ఇంటికెళ్ళి పుస్తకం తెరిచాను. అక్షరాలు మాత్రమే కనిపించాయి. అమ్మకు జ్వరం. నిద్రపోతోంది, లేపలేదు. ప్రార్థన చేసుకుని పడుకున్నాను. ప్రార్థనలో కూడా ఏమీ అడగలేదు.

ఆ పెద్ద ప్రశ్న వచ్చింది. నేను ఆ ప్రశ్న నంబరు వేసి, దాని కింద రెండు గీతలు గీసి, ఖాళీ వదిలేశాను.

ఫలితాలు ఫోన్లో చూసుకున్నాను. మిగతావన్నీ పాస్. స్టాటిస్టిక్స్ పోయింది, కొద్దిలో. నా పక్కనమ్మాయి పాసైంది. అందుకు సంతోషించాను, ఆ మాట నిజం. నా సంగతికొస్తే, నాకు ఏడుపు రాలేదు. గ్లాసు కడిగి బోర్లించాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చాక ఫోను చేతికిచ్చాను.

ఆయన చూసి, ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. "సరే తీ," అన్నాడు. "ఇగ చాలు బిడ్డా. అన్నట్టే చేద్దాం. ఇంట్ల చదువుకో."

"సప్లిమెంటరీ ఉంటుందండి," అంది అమ్మ.

"ఒకటి తప్పినా అని నేను ముందుగాలనే అన్న కదా."

ఎవరి మాటా తప్పు కాదు. అమ్మ మడతబల్ల తుడిచింది. నేను దాని ముందు నా కుర్చీలో కూర్చున్నాను. చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే, కాలేజీ అనేది ఎవరికో జరిగినట్టుంది.

రెండు రోజులకు తలుపు చప్పుడైంది. గోపనపల్లి నుంచి రెండు ఆటోలు మారి నా పక్కనమ్మాయి వచ్చింది, చేతిలో రేగుపండ్ల కవరుకు బదులు మామిడికాయల సంచి. లోపలికి వస్తూనే, "నమస్తే అంకుల్. నమస్తే ఆంటీ. గిదేనా మీ కాలేజీ?" అంది బల్లను చూసి.

అమ్మ నవ్వింది. ఆ వారంలో మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. "కూర్చో అమ్మా," అని గోడకానించిన ఇంకో కుర్చీ తెచ్చి నా కుర్చీ పక్కన వేసింది.

ఆమె అందులో కూర్చోలేదు. అమ్మ కుర్చీలో కూర్చుంది. "జర పుస్తకం తియ్యే. ఆ చివరిది మా అక్క నాకు రాత్రంత కూసోబెట్టి చెప్పింది. నువ్వు నాకోసం ఆగినవు కదా, మీదికెల్లి గా ప్రశ్న రాసింది నేను. ఏం న్యాయమే ఇది? చెప్తా, విను."

చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు నాలాగా వరసగా చెప్పడం రాదు. ముందు జవాబు చెప్పింది, తర్వాత ఎందుకో చెప్పింది, మధ్యలో వాళ్ళ అక్క ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో చెప్పింది. నాన్న హాల్లో కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాడు. చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

ఒకచోట ఆగింది. నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి చూసింది.

"ఎక్కడిదాకా అయ్యిందే?"

నా గొంతులోకి అలవాటైన మాట వచ్చింది. అయ్యింది, అని. ఏడాదంతా అన్నదే. దాన్ని మింగాను.

"కాలేదు," అన్నాను.

"ఏది, ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. చాలా వెనక. మొదటి పేజీకి దగ్గర్లో.

"గదేనా?" అంది, ఏమీ కానట్టు. పేజీలు వెనక్కి తిప్పింది. "మంచిగైంది. అక్కణ్ణించే పోదాం. ఆంటీ, ఉప్పూ కారం ఉంటే ఒక మామిడికాయ కొయ్యుండ్రి, ఇది తొందరగా అయ్యేది గాదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. లేచి వచ్చి, బల్లకు ఒక కాలు పొట్టిగా ఉండి ఊగుతోందని, ఆ మడిచిన పేపరునే దాని కింద పెట్టాడు. వంగినవాడు వంగినట్టే, నా వైపు చూడకుండా అన్నాడు. "సప్లిమెంటరీకి ఫీజు ఎప్పటిదాకా కట్టొచ్చు బిడ్డా?"

నాకు తేదీ తెలియదు. నా స్నేహితురాలికి తెలుసు. ఆమే చెప్పింది.

తర్వాత పాసయ్యాను, డిగ్రీ అయ్యింది, ఉద్యోగం వచ్చింది. కాలేజీలో ఆ హాలు మాత్రం మూడేళ్ళూ అలాగే ఉంది. అక్కడ కూర్చుంటే ఆఖరిదాకా నా తల ఖాళీగానే ఉండేది. అది పోలేదు, ఇంకా పోలేదు. కానీ చిన్నప్పటి నా మనవికి జవాబు నేను చాలా ఆలస్యంగా లెక్క చూసుకున్నాను. నేను అడిగింది ఒక్కరినే. అమ్మ అంతకాలం ఆమెన్ అన్నదీ ఒక్కరికే. ఆ సాయంత్రం మామిడికాయ ముక్కల ప్లేటు బల్ల మీదికి వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకుండానే అమ్మా నాన్నా నేనూ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాం. నా స్నేహితురాలు మా మతం కాదు. అయినా మూసుకుంది. ఒక కన్ను తెరిచి నన్ను చూసి, "అయ్యిందా?" అని గుసగుసగా అడిగింది.

"ఇంకా కాలేదు," అన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుంది.